చలనం, సదిశలు, విద్యుదయస్కాంతత్వం: లెక్కలో ముందుగా దిశను తేల్చుకోవడం ఎలా

బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ ప్రాంతాలలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఒడియాలో సైన్సు చదివి, ప్లస్ టూలో చేరాక అదే సైన్సును ఇంగ్లీషు పుస్తకంలో చదవవలసివచ్చే విద్యార్థులను ఉద్దేశించి ఇది రాస్తున్నాను. వీరికి సూత్రాలు రావని కాదు. చలన సమీకరణాలను నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా అప్పజెప్పగలరు. అయినా లెక్క తప్పుతుంది. బావిలో పడే రాయి అయినా, ఏరు దాటే పడవ అయినా, అయస్కాంత క్షేత్రంలో కదిలే ఆవేశం అయినా, పొరపాటు ఎక్కువసార్లు ఒకే చోట దొర్లుతుంది: ఏది ఏ దిశలో ఉందో తేల్చుకోకముందే అంకెలను సూత్రంలో వేసేస్తారు. కాబట్టి సూత్రాన్ని కాస్త ఆలస్యంగా పిలవడం అలవాటు చేసుకోవాలి. ఎలా చేసుకోవాలో కింద వరుసగా చెబుతాను.

లెక్కను ముందు మీ మాటల్లో చెప్పుకోండి

ప్రశ్నను రెండుసార్లు చదవండి. రెండోసారి చదివాక పుస్తకం మూసి, ఏం జరుగుతోందో తెలుగులో ఒకటి రెండు వాక్యాలలో చెప్పుకోండి: ఎవరు కదులుతున్నారు, ఎటు కదులుతున్నారు, ఎప్పుడు మొదలైంది, ఎక్కడ ఆగింది, అడిగింది దూరమా కాలమా. ఇంగ్లీషు ప్రశ్నలో "నిశ్చల స్థితి నుంచి" అనే అర్థం ఇచ్చే మాట ఎక్కడో మూల దాగి ఉంటుంది; తొలి వేగం సున్నా అని చెప్పేది అదే. "నునుపైన తలం" అంటే ఘర్షణను వదిలేయమని అర్థం. ఇలాంటి మాటలన్నీ మీరు కథ చెప్పుకునేటప్పుడు బయటపడతాయి. కథ చెప్పుకోలేకపోతే మీకు ప్రశ్న ఇంకా అర్థం కాలేదన్న మాట. అప్పుడు సూత్రాలు వెతకడం వల్ల ఒరిగేదేమీ ఉండదు.

తరువాత బొమ్మ వేయండి. బొమ్మ అందంగా ఉండనక్కరలేదు గాని చిన్నదిగా మాత్రం ఉండకూడదు. బాణపు గుర్తులు, కోణాలు స్పష్టంగా పట్టేటంత చోటు కాగితంలో దానికి ఇవ్వాలి. మూలబిందువు ఎక్కడో చుక్క పెట్టి చూపండి, ఏ దిశను ధనాత్మకంగా తీసుకుంటున్నారో ఒక బాణం గీసి దాని పక్కన కూడిక గుర్తు వేయండి. లెక్క పూర్తయ్యేదాకా ఆ బాణాన్ని మార్చకూడదు.

చలనం: బావి లెక్క

ఒక మనిషి బావి గట్టున నిలబడి రాయిని నిట్టనిలువుగా పైకి, సెకనుకు 15 మీటర్ల వేగంతో విసిరాడు. రాయి అతని చేతి పక్కనుంచే కిందికి వచ్చి, చేతికి 20 మీటర్ల దిగువన ఉన్న నీటిని తాకింది. ఎంతసేపు పట్టింది? గురుత్వ త్వరణం 10 మీ/సె² అనుకోమన్నారు.

చాలామంది దీన్ని ముక్కలు చేస్తారు. పైకి వెళ్ళడానికి 1.5 సెకన్లు, అప్పటికి ఎక్కిన ఎత్తు 11.25 మీటర్లు, అక్కడినుంచి నీటిదాకా 31.25 మీటర్లు, అంత దూరం పడడానికి 2.5 సెకన్లు, మొత్తం 4 సెకన్లు. ఇందులో తప్పేమీ లేదు. అయితే ఇన్ని మలుపులున్న దారిలో ఎక్కడో ఒకచోట అంకె జారిపోయే ప్రమాదం ఎక్కువ. దిశను ముందే స్థిరపరచుకున్నవారు ఒకే వరుసలో ముగిస్తారు. చేయి ఉన్న చోటు మూలబిందువు. పై దిశ ధనాత్మకం. అప్పుడు తొలి వేగం +15, త్వరణం −10, స్థానభ్రంశం −20. రాయి పైకి వెళ్ళిందా, కిందికి వచ్చిందా అన్న గొడవ స్థానభ్రంశానికి పట్టదు; మొదలైన చోటు, ముగిసిన చోటు ఈ రెండే దానికి కావాలి. కాలాన్ని "టి" అనుకుని, స్థానభ్రంశం = తొలి వేగం × కాలం + సగం × త్వరణం × కాలపు వర్గం అనే సమీకరణంలో వేస్తే:

−20 = 15టి − 5టి²

అంటే టి² − 3టి − 4 = 0. విలువలు 4, −1.

ఋణ విలువను వెంటనే కొట్టిపారేయకుండా దాని అర్థం ఒక్క క్షణం ఆలోచించండి. సమీకరణానికి రాయిని చేతితో విసిరారని తెలియదు. విసిరిన క్షణంలో దాని స్థానం, వేగం మాత్రమే తెలుసు. ఆ క్షణానికి ఒక సెకను ముందు నీటి మట్టంనుంచే ఎవరైనా రాయిని పైకి విసిరి ఉంటే, అది చేతి దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా సెకనుకు 15 మీటర్ల వేగంతో ఉండేది. −1 చెబుతున్నది ఆ కథ. మన కథ అది కాదు కనుక 4 సెకన్లను తీసుకుంటాం. నీటిని తాకేటప్పటి వేగం 15 − 40 = −25 మీ/సె; ఋణ గుర్తు కిందికి అని చెబుతుంది, వడి, అంటే దిశను వదిలేసిన వేగం, 25. గురుత్వ త్వరణం 9.8 తీసుకోమని ప్రశ్నలో ఉంటే కాలం సుమారు 4.07 సెకన్లు వస్తుంది, పద్ధతి మాత్రం మారదు.

ఇక్కడే ఇంకో సందేహం తలెత్తుతుంది. రాయి పై కొనకు చేరినప్పుడు వేగం సున్నా కదా, త్వరణం కూడా సున్నాయేనా? కాదు. త్వరణం ఆ క్షణంలోనూ −10 గానే ఉంది, లేకపోతే రాయి అక్కడే వేలాడుతూ ఉండిపోవాలి. వేగం ఎటు ఉందన్న ప్రశ్నను, త్వరణం ఎటు ఉందన్న ప్రశ్నను ఎప్పుడూ విడివిడిగా అడగండి.

సగటు వడి గురించి ఒక్క మాట. బరంపురంనుంచి తప్తపాణి వైపు వెళ్ళే బస్సు ఘాటీలో 20 కిలోమీటర్లు గంటకు 30 చొప్పున ఎక్కి, అదే దారిలో గంటకు 60 చొప్పున దిగిందనుకుంటే, సగటు 45 అని రాసేవారు ప్రతి సంవత్సరం ఉంటారు. ఎక్కడానికి 40 నిమిషాలు, దిగడానికి 20 నిమిషాలు, గంటలో 40 కిలోమీటర్లు. సగటు వడి 40. సగటు వేగం సున్నా, ఎందుకంటే బస్సు బయలుదేరిన చోటికే తిరిగి వచ్చింది.

సదిశలు: ఏరు దాటే పడవ

ఒకే గీత మీద జరిగే చలనంలో దిశను గుర్తు ఒక్కటే మోస్తుంది. రెండు దిశలు కలిసినప్పుడు గుర్తు చాలదు. రెండు గీతలు గీసి, ప్రతి సదిశను, అంటే పరిమాణంతోబాటు దిశ కూడా ఉన్న ప్రతి రాశిని, ఆ రెండు గీతల మీదికి అంశాలుగా (ఒక్కో గీత వెంట ఉన్న భాగాలుగా) విడదీయాలి. ఒక గీత మీది లెక్కను రెండో గీత మీది లెక్కతో కలపకూడదు. రెండింటికీ ఉమ్మడిగా ఉండేది కాలం ఒక్కటే.

ఋషికుల్య వంటి నది ఒకచోట 120 మీటర్ల వెడల్పుతో తూర్పుకు ప్రవహిస్తోందనుకోండి. నీటి వేగం సెకనుకు 1.2 మీటర్లు, నిలకడ నీటిలో పడవ వేగం 2 మీటర్లు. దక్షిణపు గట్టునుంచి ఉత్తరపు గట్టుకు వెళ్ళాలి. ఇక్కడ ప్రశ్నలు రెండు, అవి ఒకటే అనుకోవడం దగ్గరే మార్కులు పోతాయి.

మొదటిది: అతి తక్కువ కాలంలో ఎలా దాటాలి? పడవ ముక్కును నేరుగా ఉత్తరానికి పెట్టాలి. ఉత్తర దిశలో వేగం 2, దూరం 120, కాలం 60 సెకన్లు. ఆ 60 సెకన్లలో నీరు పడవను తూర్పుకు 72 మీటర్లు ఈడ్చుకుపోతుంది. నీటి వడి ఎంత పెరిగినా దాటే కాలం 60 సెకన్లే. తేలిపోయే దూరం మాత్రం పెరుగుతుంది. ఈ మాట మొదట నమ్మబుద్ధి కాదు. తూర్పుకు ఉన్న వేగానికి ఉత్తర దిశలో అంశమే లేదని బొమ్మలో చూస్తే నమ్మకం కుదురుతుంది.

రెండోది: సరిగ్గా ఎదుటి రేవుకే చేరాలంటే? ఇప్పుడు పడవ ముక్కును ప్రవాహానికి ఎదురుగా, అంటే ఉత్తరానికి కొంచెం పడమరగా తిప్పాలి. పడవ వేగపు పడమటి అంశం నీటి వేగాన్ని సరిగ్గా రద్దు చేయాలి: 2 × సైన్ కోణం = 1.2, కాబట్టి సైన్ విలువ 0.6, కోణం సుమారు 37 డిగ్రీలు. ఉత్తరపు అంశం 2 × 0.8 = 1.6. కాలం 120 / 1.6 = 75 సెకన్లు. ఎదుటి రేవుకే చేరాలన్న పట్టుదలకు పదిహేను సెకన్లు అదనంగా చెల్లించాం. పడవ వేగం నీటి వేగంకంటే తక్కువైతే సైన్ విలువ ఒకటి దాటుతుంది. ఆ పడవ ఎటు తిప్పినా ఎదుటి రేవుకు చేరదు. గోపాల్‌పూర్ తీరంలో తెలుగు మాట్లాడే నోళియా మత్స్యకారుల ఇళ్ళనుంచి వచ్చే పిల్లలకు ఇలాంటి లెక్కలో ఊహించుకోవడం కష్టమయ్యేది ఏదీ ఉండదు. తడబడేది అంశాలను కాగితం మీద రాసేటప్పుడే.

వాలు తలం మీద బండి లెక్కలో సైను వాడాలా కొసైను వాడాలా అని తికమకపడేవారికి ఒక చిన్న పరీక్ష చాలు. వాలు కోణం సున్నా అయితే బండి జారదు. కాబట్టి వాలు వెంట పనిచేసే బలం సున్నా డిగ్రీల దగ్గర సున్నా కావాలి, అలా అయ్యేది సైను. కోణం కొలిచింది నిలువు గీతనుంచి అయితే మాత్రం ఇది తారుమారవుతుంది, కనుక కోణాన్ని బట్టీ పట్టకుండా బొమ్మలో చూడండి.

ఆవేశాలు: గుర్తును సూత్రంలో వేయకండి, బాణంలో వేయండి

విద్యుత్ లెక్కల్లో ఆవేశపు ఋణ గుర్తును కూలుంబ్ సూత్రంలో (రెండు ఆవేశాల మధ్య బలాన్ని ఇచ్చే సూత్రంలో) వేసి, వచ్చిన ఋణ ఫలితాన్ని ఎటు అన్వయించాలో తెలియక చిక్కుకుపోవడం మామూలే. నా సలహా ఇది: పరిమాణాన్ని లెక్కించేటప్పుడు గుర్తు తీసేయండి, గుర్తు ఏం చెబుతోందో బొమ్మలో బాణంగా గీయండి. ధనావేశం నుంచి క్షేత్రం బయటికి, ఋణావేశం వైపు లోపలికి.

ఒక గీత మీద ఎడమవైపు +4 మైక్రోకూలుంబ్‌ల ఆవేశం, దానికి కుడివైపు 30 సెంటీమీటర్ల దూరంలో −1 మైక్రోకూలుంబ్ ఆవేశం ఉన్నాయి. క్షేత్రం సున్నా అయ్యే చోటు ఎక్కడ? అంకెలతో మొదలుపెట్టినవారు రెండు క్షేత్రాల పరిమాణాలు సమానమని రాసి, వర్గ సమీకరణం సాధించి, ఎడమ ఆవేశంనుంచి 20 సెంటీమీటర్లు అని ఒక జవాబు, 60 సెంటీమీటర్లు అని ఇంకో జవాబు తెచ్చుకుని, ఆవేశాల మధ్య ఉంది కదా అని మొదటిదాన్ని చుట్టి పెడతారు. అది తప్పు.

గీతను మూడు భాగాలుగా చూడండి. రెండు ఆవేశాల మధ్య ధనావేశపు క్షేత్రం కుడివైపుకు తోస్తుంది, ఋణావేశపు క్షేత్రం కూడా కుడివైపుకే లాగుతుంది. రెండూ కలుస్తాయే గాని కొట్టుకుపోవు. కాబట్టి 20 సెంటీమీటర్ల దగ్గర పరిమాణాలు సమానమే అయినా మొత్తం సున్నా కాదు, రెట్టింపు. ఎడమ ఆవేశానికి ఇంకా ఎడమగా వెళితే దిశలు ఎదురెదురుగా ఉంటాయి, కానీ పెద్ద ఆవేశమే దగ్గర కనుక దాని క్షేత్రాన్ని చిన్నది ఎన్నటికీ తూగలేదు. మిగిలింది ఋణావేశానికి కుడివైపు. అక్కడ దిశలు ఎదురెదురు, పైగా చిన్న ఆవేశం దగ్గర. క్షేత్రం దూరపు వర్గాన్ని బట్టి తగ్గుతుంది కనుక, పెద్దదానినుంచి దూరం చిన్నదానినుంచి దూరానికి రెట్టింపు అయితే వర్గం నాలుగింతలై సరిపోతుంది: 60 సెంటీమీటర్లు, 30 సెంటీమీటర్లు. సరిచూసుకోండి. 9 × 10⁹ × 4 × 10⁻⁶ / 0.36 = 10⁵ న్యూటన్/కూలుంబ్; 9 × 10⁹ × 10⁻⁶ / 0.09 కూడా 10⁵. వర్గ సమీకరణం రాయకుండానే జవాబు వచ్చింది.

అయస్కాంత బలం, ప్రేరణ

విద్యుత్ ప్రవాహం పక్కనున్న దిక్సూచి ముల్లును కదిలిస్తుందని ఓర్‌స్టెడ్ 1820లో గమనించారు. మారుతున్న అయస్కాంత క్షేత్రం తీగచుట్టలో ప్రవాహాన్ని పుట్టిస్తుందని ఫారడే 1831లో చూపారు. ఆ ప్రవాహం ఎటు ఉంటుందో 1834లో లెంజ్ చెప్పారు. మొదటి లెక్కలకు ఈ మూడు విషయాలు, కుడిచెయ్యి ఉంటే సరిపోతుంది.

చేతిని ఇలా వాడండి. కుడి అరచేతి వేళ్ళను వేగం దిశలో చాచి, అయస్కాంత క్షేత్రం దిశకు ముడవండి. బొటనవేలు చూపేది ధనావేశం మీది బలం. ఆవేశం ఎలక్ట్రాన్ అయితే బొటనవేలికి వ్యతిరేక దిశ. పరీక్ష హాలులో కుడిచేత్తో కలం పట్టుకుని ఎడమచేతితో ఈ పని చేసే పిల్లలను చూస్తుంటాం. కలం కింద పెట్టండి. ఈ బలం ఎప్పుడూ వేగానికి లంబంగానే ఉంటుంది కనుక వేగం దిశ మారుతుంది, వడి మారదు, గతిజ శక్తీ మారదు.

లెంజ్ నియమాన్ని నాలుగు ప్రశ్నలుగా విడదీసి వేయండి: చుట్టలోంచి వెళ్ళే క్షేత్రం ఎటు, అది పెరుగుతోందా తగ్గుతోందా, ఆ మార్పును అడ్డగించే క్షేత్రం ఎటు ఉండాలి, దానికి ప్రవాహం ఎటు తిరగాలి. నేలకు సమాంతరంగా పట్టుకున్న రాగి కడియం మీదికి, ఉత్తర ధ్రువం కిందికి ఉండేలా ఒక దండాయస్కాంతాన్ని వదిలారనుకోండి. కడియంలోంచి క్షేత్రం కిందికి, పెరుగుతోంది. ప్రేరిత క్షేత్రం పైకి. కుడి బొటనవేలిని ఆ క్షేత్రం దిశలో పెడితే వేళ్ళు ముడుచుకునే వైపే ప్రవాహం: పైనుంచి చూస్తే అపసవ్య దిశలో. అయస్కాంతం కడియంలోంచి దూరి కిందికి వెళ్ళిపోతున్నప్పుడు క్షేత్రం ఇంకా కిందికే ఉంది, కానీ తగ్గుతోంది. ప్రేరిత క్షేత్రం కిందికి, ప్రవాహం సవ్య దిశలో. క్షేత్రం దిశ మారకుండానే ప్రవాహం దిశ మారింది. లెంజ్ నియమం వ్యతిరేకించేది క్షేత్రాన్ని కాదు, దానిలోని మార్పును.

రైలు ఇరుసు లెక్క

హౌరా, చెన్నై ప్రధాన మార్గంలో బరంపురంనుంచి ఇచ్ఛాపురం వైపు గంటకు 108 కిలోమీటర్ల వడితో రైలు వెళుతోంది. పట్టాల మధ్య దూరం బ్రాడ్‌గేజ్ ప్రకారం 1.676 మీటర్లు. భూమి అయస్కాంత క్షేత్రపు నిలువు అంశం కిందివైపుకు 2 × 10⁻⁵ టెస్లా అనుకోండి. ఇరుసు రెండు కొనల మధ్య ఎంత విద్యుచ్చాలక బలం (ప్రవాహాన్ని నడపగల వోల్టేజీ) పుడుతుంది, ఏ కొన ఎక్కువ పొటెన్షియల్‌లో ఉంటుంది?

ముందు దిశ. భూక్షేత్రానికి ఉత్తరంవైపు క్షితిజ సమాంతర అంశం కూడా ఉంది, దాన్ని ఎందుకు వదిలేశారు? రైలు వేగమూ క్షితిజ సమాంతరమే కనుక ఆ రెండూ కలిసి ఆవేశాన్ని తోస్తే పైకో కిందికో తోస్తాయి, ఇరుసు పొడవునా తోయవు. కాబట్టి నిలువు అంశం ఒక్కటే లెక్కకు వస్తుంది. వేళ్ళను రైలు వెళ్ళే దిశలో చాచి నేలవైపుకు ముడిస్తే బొటనవేలు రైలుకు ఎడమచేతి వైపు చూపుతుంది. ఇచ్ఛాపురం వైపు వెళుతున్నప్పుడు అది సముద్రం వైపు. ధనావేశాలు అటు చేరతాయి, ఆ కొనే ఎక్కువ పొటెన్షియల్‌లో ఉంటుంది. తిరుగు ప్రయాణంలో ఎడమచేతి వైపు కొండల వైపవుతుంది, పొటెన్షియల్ తేడా తిరగబడుతుంది.

ఇప్పుడు అంకె. 108 కి.మీ/గం అంటే 30 మీ/సె. క్షేత్రం × పొడవు × వేగం = 2 × 10⁻⁵ × 1.676 × 30, అంటే సుమారు 10⁻³ వోల్టు, ఒక మిల్లీవోల్టు. మీ జవాబు పదో వందో వోల్టులు వస్తే పదిఘాతాలు ఎక్కడో జారాయి. ఇరుసులో అంత వోల్టేజీ పుట్టేదయితే రైల్వేవారు కరెంటు తీగలు వేసుకునేవారు కాదు.

తెలివైన విద్యార్థి ఒకరు, రైలులో కూర్చుని ఇరుసు కొనలకు వోల్టుమీటరు తగిలిస్తే ఈ మిల్లీవోల్టు కనబడుతుందా అని అడగవచ్చు. కనబడదు. మీటరు తీగలు కూడా రైలుతోబాటు అదే వేగంతో అదే క్షేత్రంలో కదులుతున్నాయి, వాటిలోనూ అంతే విద్యుచ్చాలక బలం పుట్టి, వలయంలో మొత్తం సున్నా అవుతుంది. నేల మీద నిలకడగా ఉన్న మీటరును, ఒకదానితో ఒకటి విద్యుత్ సంబంధం లేని రెండు పట్టాలకు కలిపితే మాత్రం వలయపు వైశాల్యం మారుతుంది కనుక సూత్రప్రాయంగా కనబడుతుంది.

ఇదే రైలుతో మీరే ఒక లెక్క చేయండి. డ్రైవరు బ్రేకు వేయగా వేగం సెకనుకు 0.6 మీ/సె చొప్పున తగ్గుతూ రైలు ఆగింది. ఎంత దూరంలో ఆగింది, ఎంతసేపు పట్టింది, ఆ సేపట్లో ఇరుసు విద్యుచ్చాలక బలం ఎలా మారింది? దూరం 750 మీటర్లు, కాలం 50 సెకన్లు రావాలి. విద్యుచ్చాలక బలం కాలంతోబాటు సరళరేఖలో ఒక మిల్లీవోల్టునుంచి సున్నాకు దిగుతుంది. 25వ సెకను దగ్గర సగం ఉంటుంది. దూరంలో సగం, అంటే 375 మీటర్లు వెళ్ళినచోట మాత్రం వేగం √450, సుమారు 21.2 మీ/సె కనుక 0.71 మిల్లీవోల్టు ఉంటుంది. త్వరణం వెనక్కి ఉంది కాబట్టి పొటెన్షియల్ తేడా కూడా తిరగబడుతుందని రాసి ఉంటే దిద్దుకోండి. విద్యుచ్చాలక బలానికి కావలసింది వేగం దిశ, రైలు ఆగేదాకా అది ముందుకే ఉంది.